చెయ్యి వేసినవాళ్ళదే కుర్చీ

నాకు కుర్చీ వెయ్యకండి. వద్దు తల్లీ, మొహమాటం కాదు, నిలబడే చెప్తాను. ప్రార్థన అయిపోయింది, పొద్దు ఇంకా ఉంది, అందరూ మనవాళ్ళే. వెనకవాళ్ళు కాస్త ముందుకు జరగండి. గొంతు చించుకునే ఓపిక ఇవాళ నాకు లేదు. ప్రతివారం మీకేదో ఒక మంచి మాట చెప్పి, నవ్వించి పంపిస్తాను కదా? ఇవాళ చెప్పేది మంచిదో చెడ్డదో నాకే తెలీదు. భగవంతుడి మీద భారం వేసి మొదలుపెడుతున్నాను.

మా అక్క మీకు కొత్త కాదు. కుట్టు టీచరు. ఇక్కడున్న సగం మందికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. పెళ్ళి వద్దనుకుని మాతోనే ఉండిపోయింది. ఇంట్లో అక్క, నేను, మా ఆయన, ముగ్గురమే.

అక్కకి జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ పోతూ పోతూ ఆకలిని కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా "సుద్దముక్క నమిలినట్టుందే చిట్టీ" అని పళ్ళెం పక్కకి తోసేది. డాక్టరేమో కాగితాలన్నీ తిరగేసి, అంతా బాగానే ఉందమ్మా అంటాడు. అంతా బాగానే ఉంటే మనిషి గాలికి ఎగిరిపోయేలా ఎందుకైందయ్యా అంటే, బలమైనవి పెట్టండి అంటాడు. పెట్టడం చేతకాక వచ్చానా ఆయన దగ్గరికి?

నాన్న ఇచ్చిన ఉంగరం అక్క వేలికి నిలవక జారిపోతుండేది. కుట్టు టీచరు కదా, అరచేతి వైపు ఎర్రదారం దట్టంగా చుట్టుకుని ముడేసింది. ఆ ముడి సెనగగింజంత ఉండి పొడుచుకొచ్చేది. "దానికి మెతుకులు అంటుకుంటాయే" అని నేను సణిగితే, "మెతుకు ముట్టుకుంటే కదా అంటుకోవడానికి" అని నవ్వేది. నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని.

ఒకరోజు ఉన్నట్టుండి తనే అడిగింది. "చిట్టీ, నాన్న మనల్ని తీసుకెళ్ళే ఆ పాత హోటలు ఇంకా ఉందా? ఆ స్తంభం పక్కన కూర్చుంటే ఏమన్నా తింటానేమో."

తింటానేమో! ఎన్ని నెలల తర్వాత విన్నానో ఆ మాట. దేవుడి పటం ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను. ఆ సాయంత్రమే బయలుదేరదీశాను.

ఆ హోటలు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన తాతల నాటిది. ఎత్తైన కప్పు, పొడుగు కడ్డీలకి వేలాడే ఫ్యాన్లు, మచ్చలు పడ్డ నిలువుటద్దాలు. ఉడికిన ఉల్లిపాయ వాసన, తడిసిన గొడుగుల వాసన, నేల తుడిచిన ఫినాయిలు వాసన, మూడూ కలిసి గుమ్మంలోనే ఎదురొస్తాయి. అక్కడ వరస ఉండదు, చీటీ ఉండదు, పేరు పిలవడం ఉండదు. తింటున్నవాళ్ళ కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి వేసినవాళ్ళదే కుర్చీ. తిన్నవాళ్ళు లేచే ముందు భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాచి, ఆ చేతి మీద రెండుసార్లు తడతారు. ఇక నీదే అని. తట్టించుకున్నాక కూర్చోకుండా వెళ్ళిపోవడం ఆ హోటల్లో ఎరగరు. మా నాన్న ఎంత నేర్పుగా తట్టేవాడో! వెనకున్న మనిషి నవ్వకుండా ఉండలేకపోయేవాడు.

అక్క చెప్పిన బల్ల మూలన స్తంభం పక్కన ఉంటుంది. ఒంటి బల్ల, ఒకటే కుర్చీ. గోడవైపు తిరిగి ఉంటుంది, తినేవాళ్ళ వీపే మనకి కనిపిస్తుంది. చిన్నప్పుడు అక్కా నేనూ ఆ కుర్చీలో చెరిసగం కూర్చుని, గోడకి మొహాలు పెట్టి, పక్కబల్ల దగ్గరున్న నాన్నకి వినపడకుండా ఒకరి రొట్టెముక్కలొకరం దొంగిలించుకునేవాళ్ళం.

మేం వెళ్ళేసరికి వాన. హోటలు కిటకిటలాడుతోంది. అక్కని గుమ్మం దగ్గర బెంచీ మీద, గొడుగుల పక్కన కూర్చోబెట్టి, జనాన్ని తోసుకుంటూ మూలకి వెళ్ళాను. కుర్చీలో ఒకాయన ఉన్నాడు. బూడిదరంగు గళ్ళ చొక్కా. కాలరు తడిసి మెడకి అతుక్కుపోయింది. తల వంచుకుని తింటున్నాడు. వెనక ఎవరూ లేరు. నా అదృష్టం అనుకుని ఠక్కున చెయ్యి వేసేశాను.

మీసాల సర్వరు ఒకడు చూశాడు. దగ్గరికి రాలేదు, స్తంభం అవతలి నుంచే పిలిచాడు.

"అమ్మా, అక్కడొద్దు. కిటికీ దగ్గర ఖాళీ అవుతోంది, ఇటు రండి."

"మా అక్కకి ఈ కుర్చీయే కావాలి బాబూ."

"ఆయన ఇప్పుడప్పుడే లేవడమ్మా."

"ఎంతసేపైనా నిలబడతాను."

"ఎంతసేపైనా అంటే ఎంతో మీకు తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. "ఏం, నీ చుట్టాల కోసం అట్టిపెడుతున్నావా?"

"నా చుట్టాలైతే ఆ పక్కకే రానివ్వను" అని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎంత పొగరో చూడండి అనుకున్నాను. పొగరనే అనుకున్నాను, నా బుద్ధి మండిపోను.

నిలబడ్డాను. మీరు నమ్ముతారో లేదో, నిలబడి నిలబడి నా మోకాళ్ళు నన్ను పేరుపెట్టి తిట్టడం మొదలుపెట్టాయి. చుట్టూ బల్లలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి. నా తర్వాత వచ్చినవాళ్ళు తిని, పళ్ళు కుట్టుకుంటూ వెళ్ళిపోతున్నారు. కిటికీ దగ్గర ఇద్దరు మగవాళ్ళు ఖాళీ కప్పులు ముందు పెట్టుకుని ఎవరి అల్లుడు పనికిమాలినవాడో తేల్చుకుంటున్నారు. గుమ్మం దగ్గర అక్క శాలువాలో ముడుచుకుపోయి నావైపే చూస్తోంది. ఆ కాస్త కోరికా చల్లారిపోతే ఎలాగ అని నా గుండె పీకుతోంది.

ఈయన మాత్రం రొట్టె తుంచుతున్నాడు. చిన్న చిన్న ముక్కలు. ఆ ముక్కల్ని పళ్ళెం అంచు చుట్టూ వరసగా పేరుస్తున్నాడు, పిల్లలు గవ్వలు పేర్చినట్టు. ఒక్కొక్కటీ తీసి, సూపులో ముంచి, నోట్లో పెట్టుకుంటున్నాడు. నమలడం... మింగడం... ఇంకోటి. నేను దగ్గాను. కుర్చీ మీద వేళ్ళతో దరువేశాను. "దేవుడా, ఓపిక ఇవ్వు" అని కళ్ళు మూసుకున్నాను. ఓపిక రాలేదు, నడుంనొప్పి వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ముక్కల వరస ఇందాకటిలాగే ఉంది. పళ్ళెం చుట్టూ, సందు లేకుండా.

సర్వరు మళ్ళీ వడ్డించాడేమో అనుకున్నాను. కానీ సర్వరు ఇటు రాలేదు. నేను చూస్తూనే ఉన్నానుగా.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఏమండీ, కాస్త త్వరగా కానిస్తారా? మా అక్కకి ఒంట్లో బాగోలేదు."

నమలడం ఆగింది. తల తిప్పలేదు. గోడకేసి మాట్లాడుతున్నట్టు, చాలా నెమ్మదిగా, "ఆవిడకి ఆకలేస్తోందా?" అన్నాడు.

"ఆకలే లేదండీ. అదే మా ఏడుపు."

"నాకు చాలా ఉంది... ఆవిడకి ఇవ్వనా?"

వేళాకోళం అనుకున్నాను. అంతసేపు నిలబెట్టి పైగా వేళాకోళమా! పళ్ళు పటపటలాడించి, "ఇవ్వండి బాబూ, మొత్తం ఇచ్చేయండి, పుణ్యం వస్తుంది. ముందు మీరు లేవండి" అన్నాను.

ఇదిగో, ఈ నోటితోనే. వారం వారం మీ ముందు భగవంతుడి పేరు పలికే ఈ నోటితోనే.

ఆయన చెయ్యి భుజం మీదుగా వెనక్కొచ్చింది. నా చేతి మీద తట్టింది. ఒకటి... రెండు. కడిగి వానలో బోర్లించిన గిన్నెలా చల్లగా ఉంది ఆ చెయ్యి. నేను ఉలిక్కిపడి చెయ్యి లాక్కుని, అంతలోనే కుర్చీ ఖాళీ అయిందన్న సంబరంలో అక్కకేసి తిరిగి, "రావే, రా!" అని కేకేశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన స్తంభం చాటుకి వెళ్ళిపోయాడు. మొహం చూడనే లేదు. స్తంభానికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉందా అన్న ఆలోచన అప్పుడు రాలేదు నాకు.

అక్క కూర్చుంది. ఇంకా ఏం కావాలో చెప్పనే లేదు, ఎదురుగా పొగలు కక్కుతూ సూపు ఉంది, రొట్టె ఉంది. సర్వరు తెచ్చి పెట్టాడనే అనుకున్నాను. అక్క ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఆగింది.

ఇంకో చెంచా పెట్టుకుంది.

నా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "తండ్రీ, నీ దయ" అని గోడకే దండం పెట్టాను. అక్క తింటోంది! గబగబా తింటోంది! పక్కబల్ల ఆవిడకి చెప్పాను, "మా అక్కండీ, నెలల తర్వాత తింటోంది" అని. ఆవిడ కూడా సంతోషపడింది. పక్కన నిలబడి అక్క వీపు నిమురుతూ మురిసిపోయాను.

మురిసిపోతూ, మురిసిపోతూ... ఎప్పుడో నా చెయ్యి ఆగిపోయింది.

బయట చీకటి పడుతోంది. అక్క ఇంకా తింటోంది. సూపు పొగలు కక్కుతూనే ఉంది. చల్లారాలిగా? చల్లారలేదు. అక్క రొట్టె తుంచుతోంది. చిన్న చిన్న ముక్కలు. పళ్ళెం అంచు చుట్టూ పేరుస్తోంది.

"అక్కా, ఇక చాల్లే. ఒక్కసారే అంత తింటే పడదు."

ఇంకో ముక్క తుంచింది. మెడ మీద జుట్టు చెమటకి తడిసి అతుక్కుపోయింది. వంగి చెవి దగ్గర మళ్ళీ పిలిచాను. అప్పుడు గుసగుసగా అంది, నమలడం ఆపకుండానే.

"చిట్టీ... ఆకలేస్తోందే."

"తిన్నావుగా అక్కా."

"తింటున్నా... లోపలికి పోవట్లేదే. ఇంకా... ఇంకా వేస్తోంది."

"లే, ఇంటికి పోదాం."

"లేవలేను. వెనక ఎవరైనా చెయ్యి వేస్తేనే..."

సర్వరు కోసం చుట్టూ చూశాను. దూరంగా నిలబడి మావైపే చూస్తున్నాడు. చేత్తో పిలిచాను. రాలేదు. తల అడ్డంగా ఊపి, వంటింట్లోకి పోయాడు. అంత జనంలో, అన్ని గరిటెల చప్పుడులో, నన్ను పట్టించుకునే నాథుడు లేడు. ఎవరిని పిలిచినా "వస్తున్నానమ్మా" అంటాడు, రాడు. భయం కంటే ముందు ఏడుపొచ్చింది నాకు, ఉక్రోషంతో వచ్చే ఏడుపు.

"నేనున్నానుగా అక్కా. నేను వేస్తాను."

"వద్దు." మొదటిసారి నమలడం ఆగింది. "నువ్వొద్దు చిట్టీ. నువ్వు మాత్రం వెయ్యకు."

నేను వింటానా? ఎప్పుడన్నా విన్నానా? భగవంతుణ్ణి తలుచుకుని, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాను.

దీపాలు పోయాయి.

హోటలంతా ఒక్కసారి ఓ అని, ఆ వెంటనే... నిశ్శబ్దం. చెంచాలు ఆగాయి. మాటలు ఆగాయి. వాన కూడా వినపడలేదు. ఆ చీకట్లో ఒకటే చప్పుడు. నా చెయ్యి ముందర, జానెడు దూరంలో... నమలడం.

అదీ ఆగింది.

నా చేతి మీద ఎవరో తట్టారు. ఒకటి... రెండు. కుర్చీ కిర్రుమంది. ఒక మనిషి లేచి నిలబడ్డట్టు నా మొహానికి గాలి తగిలింది. అందిన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. జబ్బు మనిషి చెయ్యి చల్లగా ఉండదా మరి? లాక్కుని, బల్లలకి గుద్దుకుంటూ, గల్లా మీద చేతికొచ్చిన డబ్బు పడేసి వీధిలోకి వచ్చి పడ్డాను. నేను తట్టించుకున్నానే గానీ కూర్చోలేదు. మేం గుమ్మం దాటుతుంటే వెనక మూల నుంచి, కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు మాత్రం వినిపించింది.

వీధి దీపం కింద చూశాను. అక్కే. అదే శాలువా, అదే మొహం. బుగ్గల్లో రంగు కూడా వచ్చింది. "ఎంత ఆకలేసిందో!" అని నవ్వింది.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. అక్క కోలుకుంది. మీరంతా వచ్చి చూశారు, పళ్ళు తెచ్చారు, దేవుడి మహిమ అన్నారు. ఆ పళ్ళన్నీ మీరు వీధి మలుపు తిరిగేలోపే అయిపోయాయి. పొద్దున తింటుంది, మధ్యాహ్నం తింటుంది, మధ్యలో తింటుంది. ఒళ్ళు మాత్రం మునుపటిలా వచ్చి అక్కడితో ఆగింది. రొట్టె తుంచి పళ్ళెం అంచున పేర్చుకుంటుంది. తన కుర్చీని గోడవైపు తిప్పుకుంది. "వెలుతురు కళ్ళలో పడుతోంది" అంటుంది. సూదీ దారం ఇస్తే నవ్వి పక్కన పెట్టేస్తుంది. నన్ను చెల్లీ అని పిలుస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి మా అక్క నన్ను చెల్లీ అని పిలిచిన పాపాన పోలేదు.

"ఉంగరమేదే?" అని అడిగాను.

"జారిపోయినట్టుంది. పోతే పోయింది, ఉంగరమేగా" అంది. నాన్న ఉంగరం! అది పోతే అక్క ఇల్లంతా తవ్విపోసేది.

మా ఆయనతో చెప్పాను. "తినకపోతే ఏడ్చావు, తింటే ఏడుస్తున్నావు. ఆవిడేం చెయ్యాలో ఒక కాగితం మీద రాసివ్వరాదూ?" అన్నాడు. డాక్టరుతో చెప్పాను. మీకు విశ్రాంతి కావాలమ్మా అన్నాడు, నాకు! దేవుడితో కూడా చెప్పాను. రోజూ చెప్తున్నాను. ఆయనా వస్తున్నానమ్మా అనే అంటున్నాడేమో.

ఇక నిన్నటి సంగతి.

దీపాలు పెట్టే వేళ. అక్క తినడం అయింది. లేచే ముందు భుజం మీదుగా చెయ్యి వెనక్కి పెట్టి, వెనక ఎవరూ లేకపోయినా, గాలిలో రెండుసార్లు తట్టింది. లేచి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. కూనిరాగం తీస్తోంది. నీళ్ళ చప్పుడు వినపడుతోంది. నేను పళ్ళెం తీసి, కుర్చీ సర్దుదామని దాని వీపు మీద చెయ్యి వేశాను.

ఉడికిన ఉల్లిపాయ వాసన... తడిసిన గొడుగులు... ఫినాయిలు.

కుర్చీ ఖాళీగా ఉంది. నేను చూస్తూనే ఉన్నాను, ఖాళీగా ఉంది.

నా చేతి మీద ఎవరో తట్టారు.

చల్లగా లేదు ఆ చెయ్యి. వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన చెయ్యిలా. సన్నటి వేళ్ళు. నెమ్మదిగా, భయపడుతూ తట్టినట్టు... ఒకటి. రెండో దెబ్బకి ఏదో గుచ్చుకుంది. సెనగగింజంత. దారం ముడి.

పెరట్లో కూనిరాగం ఆగింది. "ఏం చెల్లీ," అని గొంతు వచ్చింది, "కూర్చోవేం?"

కూర్చోలేదు. పారిపోయాను. రాత్రంతా దేవుడి పటం ముందు నిలబడే ఉన్నాను. నేను కూర్చుంటే అక్క లేస్తుంది. అంతే కదా లెక్క? చెయ్యి వేసినవాళ్ళదే కుర్చీ. వెయ్యొద్దని చెప్పిన మనిషే తట్టిందంటే, ఆ హోటలు కుర్చీలో ఇంక ఓర్చుకోలేకపోతోందనేగా? నేను మాత్రం పొద్దున్నుంచి పళ్ళెం ముందు కూడా కూర్చోలేదు. ఇంత భక్తి చేశాను, ఇంత చెప్పాను మీ అందరికీ... ఒక్క కుర్చీలో కూర్చునే ధైర్యం రాలేదు.

అందుకే వచ్చీ రాగానే కుర్చీ వద్దన్నాను. అన్నానా లేదా? మీరంతా విన్నారుగా?

మరి అదిగో, ఆ మూలన, గోడవైపు తిప్పి ఆ కుర్చీ ఎవరు వేశారు?

నవ్వకండి, అడుగుతున్నాను. ఎవరూ వెయ్యలేదా?... మీకేమైనా వాసన వస్తోందా?

సరే. మీరు కూర్చోండి, ఎవరూ లేవకండి. నా వెనక మాత్రం ఎవరూ రావద్దు. ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టండి, కాస్త గట్టిగా...

ఒక్కసారి చెయ్యి వేసి చూస్తాను.